ఆరోగ్యశ్రీ కార్డు మీద ఊపిరితిత్తుల డాక్టరు, ఐసీయూ: గుంటూరు, విజయవాడల్లో ఎలా వెతుక్కోవాలి?

కొరిటెపాడు_ఎస్ (ప్రశ్న)

నమస్కారం అండీ. నాన్నకు 66 ఏళ్లు. మిర్చి యార్డులో కూలి పని, దానికి తోడు చుట్ట అలవాటు. సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని నాలుగేళ్ల కిందటే తేల్చారు. ఈ ఏడాది రెండుసార్లు ఐసీయూలో చేర్చాం, రెండోసారి మూడు రోజులు బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్) మీద ఉంచారు. డిశ్చార్జి కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. చేరినప్పుడు ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష): పీహెచ్ 7.27, కార్బన్ డయాక్సైడ్ 74, బైకార్బొనేట్ 33. ఇంటికి పంపేటప్పుడు: పీహెచ్ 7.37, కార్బన్ డయాక్సైడ్ 56, బైకార్బొనేట్ 31. అడుగున "పల్మనాలజీ, క్రిటికల్ కేర్ ఫాలోఅప్" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

రెండుసార్లూ అర్ధరాత్రి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తి చేతి డబ్బు కట్టాం. నాన్నకు రైస్ కార్డు ఉంది. నాకు కంపెనీలో ఈఎస్ఐ ఉంది. అడగాల్సినవి మూడు:

ఊపిరితిత్తులు, ఐసీయూ రెండూ చూసే డాక్టరు ఒక్కరే ఉంటారా, ఇద్దరిని వెతుక్కోవాలా? ఏ ఆసుపత్రిలో ఈ జబ్బుకు కార్డు పనిచేస్తుందో ముందే తెలుసుకోవడం ఎలా? మళ్లీ రాత్రిపూట ఆయాసం వస్తే డబ్బు కట్టకుండా చేర్పించాలంటే ఇప్పటి నుంచే ఏం సిద్ధం చేసుకోవాలి?

మిత్ర_డెస్క్

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎక్కువమంది ఇబ్బంది పడేది అక్కడే.

జనం నోట ఆరోగ్యశ్రీ అనే మాటే ఉండిపోయింది గానీ ఇప్పుడు పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. కార్డు అదే, హెల్ప్‌లైన్ 104 కూడా అదే. "ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా?" అని అడిగితే "ఉంది" అనే అంటారు, అది అబద్ధమూ కాదు. కానీ ఆసుపత్రికి పథకంలో గుర్తింపు ఇచ్చేది స్పెషాలిటీల వారీగా. ఒకచోట గుండె, ఎముకలు, కిడ్నీలో రాళ్లు ఉంటాయి, పల్మనాలజీ ఉండదు. ఇంకోచోట పల్మనాలజీ ఉంటుంది, క్రిటికల్ కేర్ ఉండదు. జాబితాలో ఈ రెండూ వేర్వేరు. బయట బోర్డు మీద పథకం గుర్తు చూసి పేషెంట్‌ను దించేశాక "ఈ జబ్బుకు మా దగ్గర లేదండీ" అనేది ఇందుకే.

కాబట్టి 104కి ఫోన్ చేసినా, పథకం నడిపే ట్రస్టు వెబ్‌సైట్లో వెతికినా, అడగాల్సింది ఇలా: "పల్మనాలజీ, క్రిటికల్ కేర్ రెండింట్లోనూ గుర్తింపు ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు ఏవి?" జిల్లా దగ్గర కూడా జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ నగరం ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది. తాడేపల్లి, మంగళగిరి, చినకాకాని గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. చినఅవుటపల్లి వైపు చూడాలంటే కృష్ణా జిల్లాలో వెతకాలి. ఎన్టీఆర్ జిల్లా ఒక్కటే చూసి మూసేస్తే, వారధి దాటగానే ఉన్న ఆసుపత్రులు కనపడవు. మూడు జిల్లాలూ చూడండి.

జాబితా చేతికొచ్చాక ఒక్కో ఆసుపత్రికి ఫోన్ చేసి, రిసెప్షన్ కాకుండా ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే మనిషి) ఇవ్వమనండి. అడగాల్సినవి: మీ పల్మనాలజిస్టు రోజూ ఉంటారా, వారంలో రెండు పూటలు వచ్చి వెళ్లేవారా? పథకం పేషెంట్లకు వెంటిలేటర్, బైపాప్ ఉన్న ఐసీయూ పడకలు ఎన్ని? రాత్రి డెస్క్‌లో ఎవరుంటారు? ఈ వారం కార్డు మీద కొత్త కేసులు తీసుకుంటున్నారా? ఈ ఆఖరి ప్రశ్న మరవకండి. బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలు ఆపేశాయి. పేరు జాబితాలోనే ఉంటుంది, పడక మాత్రం దొరకదు.

ఇక పథకం దేనికి డబ్బిస్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. నెలనెలా వాడే ఇన్‌హేలర్లకు, ఇంట్లో పెట్టుకునే మిషన్‌కు ఇవ్వదు. జాబితాలో ఉన్న చికిత్సకు, ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇస్తుంది. ఊపిరితిత్తుల వైపు ఉన్నవాటిలో కొన్ని: సీఓపీడీ ఇన్ఫెక్షన్‌తో ముదిరి రెస్పిరేటరీ ఫెయిల్యూర్ (ఊపిరితిత్తులు చేతులెత్తేయడం) రావడం, ఆస్తమా తీవ్రమై ఫెయిల్యూర్ రావడం, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తుల్లో ఉన్నట్టుండి నీరు చేరి దెబ్బతినడం), ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, బ్రాంకియెక్టాసిస్ (గాలి గొట్టాలు శాశ్వతంగా వెడల్పయిపోవడం), ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల కణజాలం మచ్చకట్టి గట్టిపడే జబ్బులు). అంటే మీ నాన్నగారికి రెండుసార్లు జరిగింది పథకం కిందికి వచ్చే జబ్బే. "ఆయాసం" అని మాత్రమే కేస్ షీట్లో రాస్తే అనుమతి రాదు. "సీఓపీడీ, కార్బన్ డయాక్సైడ్ పెరిగిన రెస్పిరేటరీ ఫెయిల్యూర్" అని రాసి, దానికి ఏబీజీ రిపోర్టు జోడిస్తేనే ట్రస్టు డాక్టర్లు ఒప్పుకుంటారు. బైపాప్, వెంటిలేటర్ పెడితే మిషన్, మానిటర్ కనపడేలా పేషెంట్ ఫొటో కూడా అడుగుతారు. ఫొటో తీస్తుంటే అటెండర్లు అడ్డుపడతారు, కంగారులో అది సహజమే. కానీ ఆ ఫొటో లేక ఫైలు వెనక్కి వస్తే నష్టపోయేది పేషెంటే.

రాత్రి సంగతి. అత్యవసర కేసుకు ముందు ఫోన్ మీద అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టి, కాగితాలు తర్వాత ఎక్కించే పద్ధతి పథకంలోనే ఉంది. క్యాజువాల్టీలో అడుగుపెట్టగానే అడ్వాన్సు కట్టే ముందు చెప్పాల్సిన మాట ఒక్కటే: "ఇది కార్డు కేసు, ఫోన్ అప్రూవల్ పెట్టించండి." క్యాష్ పేషెంటుగా ఐపీ (అడ్మిషన్) నంబరు పడ్డాక కార్డు కిందికి మార్చడం చాలాచోట్ల జరగని పని. "ముందు కట్టండి, తెల్లారాక మారుస్తాం" అంటే అక్కడే నిలబడి 104కి ఫోన్ చేయండి. కార్డు కింద చేరాక పరీక్షలకు, మందులకు విడిగా డబ్బు అడిగినా అదే నంబరు. రసీదు ఇవ్వకుండా తీసుకుంటే తేదీ, సమయం, కౌంటరు రాసి పెట్టుకోండి. ఫిర్యాదు నిలబడేది వాటి మీదే.

ప్యాకేజీ రోజులు అయిపోయాయి, తీసుకెళ్లండి అన్నారనుకోండి. పేషెంట్ పరిస్థితి బాగాలేకపోతే ఆసుపత్రి ట్రస్టును అదనపు రోజులు అడగొచ్చు, దాన్ని ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. ఆ మాట వాడి అడగండి, అడిగారో లేదో ఆరోగ్యమిత్రతో సరిచూసుకోండి.

శ్వాస_వార్డు

మొదటి ప్రశ్నకు నేను.

అమెరికాలో పల్మనరీ, క్రిటికల్ కేర్ రెండూ కలిపి ఒకే శిక్షణ, అక్కడ చాలామంది రెండూ ఒక్కరే చూస్తారు. మన దగ్గర ఎక్కువగా వేర్వేరు. డాక్టరు పేరు పక్కన ఉన్న అక్షరాలు చదవడం నేర్చుకుంటే చాలు.

ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్, ఎండీ పల్మనరీ మెడిసిన్, డీఎన్‌బీ రెస్పిరేటరీ మెడిసిన్ అంటే ఊపిరితిత్తుల స్పెషలిస్టు. పాత తరం వాళ్ల డిగ్రీ మీద ఎండీ టీబీ అండ్ చెస్ట్ అని ఉంటుంది, శాఖ ఇదే. డీటీసీడీ అంటే అదే శాఖలో డిప్లొమా. డీఎం పల్మనరీ అండ్ క్రిటికల్ కేర్ అని ఉంటే మీరు అడిగిన "రెండూ ఒక్కరే". ఇలాంటివారు తక్కువ. డీఎం క్రిటికల్ కేర్, డీఆర్‌ఎన్‌బీ క్రిటికల్ కేర్, ఐడీసీసీఎం అని ఉంటే ఐసీయూ డాక్టరు. వాళ్లలో మత్తుమందు (అనస్థీషియా) శాఖ నుంచి వచ్చినవారూ, జనరల్ మెడిసిన్ నుంచి వచ్చినవారూ ఉంటారు. ఐసీయూలో మనిషిని నిలబెట్టడంలో వాళ్లు దిట్టలు, కానీ తర్వాత ఏళ్లతరబడి ఇన్‌హేలర్లు సర్దే పని వాళ్లది కాదు. రిజిస్ట్రేషన్ సరిచూసుకోవాలంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ ఉంది.

మీ నాన్నగారికి ఒక్కరే ఇద్దరి పనీ చేయనవసరం లేదు. కావాల్సింది ఇది: నెలనెలా చూసే పల్మనాలజిస్టు ఒకరు, ఆయన పేషెంట్లను చేర్చుకునే ఐసీయూ ఒకటి, రెండూ ఒకే కప్పు కింద, కార్డు పరిధిలో. ఓపీ ఒక ఊళ్లో, ఐసీయూ ఇంకో ఊళ్లో అయితే ప్రతిసారీ కొత్త డాక్టరు మొదటి నుంచి మొదలుపెడతాడు. సీఓపీడీ పేషెంట్లకు అది ప్రమాదం, ఎందుకంటే వాళ్ల మామూలు స్థితి ఏమిటో ఆ డాక్టరుకు తెలియదు.

అది మీరు రాసిన అంకెల్లోనే కనపడుతోంది చూడండి. ఏబీజీలో పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26 ఉండాలి. చేరినప్పుడు 7.27, 74 అంటే లోపల గాలి బయటికి పోక రక్తం పులిసింది, బైపాప్ పెట్టాల్సిందే. కానీ బైకార్బొనేట్ 33 ఉంది. అది ఒక్క రాత్రిలో పెరగదు, కిడ్నీలు రోజులు, వారాల పాటు సర్దుకుంటేనే పెరుగుతుంది. అంటే ఆయనకు కార్బన్ డయాక్సైడ్ ఎప్పటి నుంచో ఎక్కువే ఉంటోంది. డిశ్చార్జి నాటి 56 ఆయనకు మామూలు కావచ్చు, కాకపోవచ్చు. జబ్బు నెమ్మదించిన రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ ఏబీజీ తీస్తే తేలుతుంది. అప్పటికీ 52 దాటి ఉంటే రాత్రిపూట ఇంట్లో బైపాప్ మాట డాక్టరును మీరే ఎత్తండి. మీ డిశ్చార్జి కాగితం మీద ఉండాల్సిన వాక్యం అదే, లేదు.

ఆక్సిజన్ దగ్గర ఒక్క మాట. ఇలాంటివాళ్లకు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98 చూపించాలని పది లీటర్లు పెట్టేస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మత్తులోకి జారుకుంటారు. లక్ష్యం 88 నుంచి 92. అంబులెన్సులో, కొత్త క్యాజువాల్టీలో తరచూ జరిగే పొరపాటు ఇదే. కాబట్టి గట్టి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన జేబులో పెట్టండి: "సీఓపీడీ. కార్బన్ డయాక్సైడ్ నిలిచే మనిషి. శాచురేషన్ 88–92 చాలు. బైపాప్ అవసరం పడింది." కింద డిశ్చార్జి నాటి ఏబీజీ అంకెలు, తేదీ. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరుకు ఫైలంతా చదివే తీరిక ఉండదు, ఈ అట్ట చదువుతాడు. వెంచూరి మాస్కు (ఆక్సిజన్ శాతం కచ్చితంగా ఇచ్చే మాస్కు) ఉంటే నీలం ముక్క 24 శాతం ఇస్తుంది, 2 లీటర్ల మీద. తెలుపు 28 శాతం, 4 లీటర్ల మీద. మామూలు ముక్కు గొట్టం అయితే 1 లేదా 2 లీటర్లతో మొదలు.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు నాలుగు అద్దాల గదులు చూసి మోసపోకండి. ఏబీజీ మిషన్ ఐసీయూలోనే ఉందా? శాంపిల్ బయటి ల్యాబుకు పంపితే ఆలస్యానికి అంకెలు మారిపోతాయి. పైగా బైపాప్ పెట్టాక గంట, రెండు గంటల్లో మళ్లీ ఏబీజీ చూడకపోతే అది పనిచేస్తోందో లేదో తెలియదు. రాత్రి డ్యూటీలో గొంతులో ట్యూబు వేయగల డాక్టరు ఉంటాడా? బైపాప్ మాస్కులు రెండు మూడు సైజుల్లో ఉన్నాయా? చిన్న విషయంలా ఉంటుంది గానీ, పళ్లు లేని పెద్దవాళ్లకు బుగ్గ పక్కన గాలి లీకయి బైపాప్ విఫలమైతే నేరుగా వెంటిలేటర్ దాకా పోతుంది.

పటమట_రాణి

శ్వాస_వార్డు గారు చెప్పిన అట్ట ముక్క వెనకవైపు వాడే ఇన్‌హేలర్ల పేర్లు, పడని మందులు కూడా రాయండి. ఇప్పుడే ఫోన్లో ఒక ఫొటో తీసి ఇంట్లో అందరికీ పంపండి.

జీజీహెచ్_ఎదురుగా

అందరూ ప్రైవేటు నెట్‌వర్క్ చుట్టే తిరుగుతున్నారు. అర్ధరాత్రి ముందుగా గుర్తు రావాల్సింది గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి). కొరిటెపాడు నుంచి ఎంత దూరమని? మెడికల్ కాలేజీ ఆసుపత్రి, పల్మనాలజీ విభాగం ఉంది, ఐసీయూ ఉంది. అనుమతి ఆలస్యమైనా చికిత్స ఆగదు, అడ్వాన్సు మాట ఉండదు. విజయవాడ వాళ్లకు సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న జీజీహెచ్ అలాగే. ఇబ్బంది ఏమిటంటే వెంటిలేటర్ పడకలు నిండిపోతాయి, చలికాలంలో మరీను. దానికి మార్గం: పగటిపూట, మనిషి బాగున్నప్పుడు, పల్మనాలజీ ఓపీలో పేరు రాయించి ఓపీ చీటీ, పాత ఎక్స్‌రేలు అన్నీ అక్కడి ఫైల్లో పడేలా చూడండి. నెలనెలా మందులు, ఇన్‌హేలర్లు కూడా అక్కడే ఉచితం, స్టాకు ఉన్నంతవరకు. స్టాకు లేని నెల జన ఔషధి షాపులో అదే మందు జెనరిక్ అడగండి.

ఎయిమ్స్ మంగళగిరి గురించి ఎవరూ చెప్పలేదు. గుంటూరుకీ విజయవాడకీ మధ్యలో ఉంది, పల్మనరీ మెడిసిన్ విభాగం ఉంది. ఓపీ అపాయింట్‌మెంట్ కేంద్ర ప్రభుత్వ ఓఆర్ఎస్ (ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్) పోర్టల్లో ముందే తీసుకోవచ్చు. ఆభా నంబరు (కేంద్రం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే కౌంటరు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు. పొద్దున్నే వెళ్లాలి. జబ్బు మొత్తాన్ని ఒకసారి తేల్చుకోవడానికి మంచి చోటు. రాత్రి ఆయాసానికి మాత్రం దగ్గరున్నదే దిక్కు.

శ్వాస_వార్డు

ఎయిమ్స్ మాట సరైనదే. కలపాల్సింది ఇంకొకటి ఉంది. ఓపీకి వెళ్లే రోజు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేసే అవకాశం ఉంటుంది కాబట్టి ఇన్‌హేలర్లు ఎప్పుడు ఆపాలో ముందే ఫోన్ చేసి అడగండి. సాల్బుటమాల్ నాలుగు నుంచి ఆరు గంటల ముందు, ఫార్మోటెరాల్ లాంటివి రోజంతా, టయోట్రోపియం ఒక రోజుకు పైనే ముందు ఆపితేనే రీడింగు సరిగ్గా వస్తుంది. కానీ మీ నాన్నగారి స్థితిలో మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చెబితేనే. ఆపలేకపోతే పొద్దున ఎన్నింటికి పీల్చారో టెక్నీషియన్‌కు చెబితే చాలు, రిపోర్టు మీద రాస్తారు.

సీటీ తీసి ఉంటే ఫిల్ముతో పాటు సీడీ తీసుకోండి. ఫిల్ము మీద చిన్న చిన్న బొమ్మల్లో ఐఎల్‌డీ సరిగ్గా కనపడదు, సీడీలో డాక్టరు పొరపొరగా చూస్తాడు. మిర్చి ఘాటులో, దుమ్ములో ఏళ్లతరబడి పనిచేసినవారికి "చుట్ట వల్ల సీఓపీడీ" అని తేల్చేసి ఊరుకోకూడదు. పని ఏమిటో, ఎన్నేళ్లో, మాస్కు కట్టుకునేవారో లేదో చీటీ మీద రాసి ఇవ్వండి. ఓపీలో రెండు నిమిషాల్లో మీరు చెప్పలేరు.

కఫం పరీక్ష కూడా అడగండి. టీబీ తేలితే అది వేరే దారి. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో పరీక్ష, మందులు పూర్తిగా ఉచితం, ప్రభుత్వ టీబీ నమోదు పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కితే పోషణకు నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. టీబీ మందులకు ప్రైవేటులో డబ్బు పెట్టకండి.

కొరిటెపాడు_ఎస్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. ఇంకా రెండు సందేహాలు. నా ఈఎస్ఐలో నాన్నను చేర్చొచ్చా? విజయవాడ తీసుకెళ్లాల్సి వస్తే ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుందో లెక్క ఎలా?

మిత్ర_డెస్క్

ఈఎస్ఐ: జీతం నెలకు 21,000 లోపు ఉన్నవారికి వర్తిస్తుంది. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులను చేర్చుకోవచ్చు, అయితే వాళ్లకు అన్ని మార్గాల్లో వచ్చే ఆదాయం నెలకు 9,000 దాటకూడదు. ఈఎస్ఐలో నేరుగా పెద్ద ఆసుపత్రికి పోవడం ఉండదు. ముందు మీ డిస్పెన్సరీ, అక్కడి నుంచి ఈఎస్ఐ ఆసుపత్రి, మన వైపు విజయవాడ గుణదలలో ఉంది, అక్కడ లేని చికిత్స అయితే ఒప్పందం ఉన్న ఆసుపత్రికి రెఫరల్ చీటీ. చీటీ లేకుండా వెళ్తే బిల్లు మీ నెత్తినే. అత్యవసరమైతే ముందు చేర్చి, వెంటనే ఈఎస్ఐ వాళ్లకు తెలియజేయాలి. నెలనెలా మందులకు ఈఎస్ఐ డిస్పెన్సరీ బాగా ఉపయోగపడుతుంది, ఆ పని వైద్య సేవ చేయదు. ఒకే అడ్మిషన్‌కు మాత్రం రెండూ చూపించకండి. ఏది వాడుతున్నారో చేరినప్పుడే ఒకటి తేల్చుకోవాలి, లేకపోతే రెండు వైపులా ఫైలు ఆగుతుంది.

ఇక కార్డు. ఈ వారమే చేయాల్సిన పని, దయచేసి వాయిదా వేయకండి. మీకు పెళ్లయి కార్డు విడిపోయి ఉంటే నాన్న పేరు ఏ కార్డులో ఉందో చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, కార్డులో ఇంటిపేరు లేకుండా ఉంటే, పుట్టిన సంవత్సరం తేడాగా ఉంటే, వార్డు సచివాలయంలో సరిచేయించండి. ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) అయిందో లేదో అక్కడే తెలుస్తుంది. మిర్చి తొడిమలు తీసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి మిషన్ మీద పడవు. ఐరిస్‌తో, లేదా ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో చేయించండి. ఆ ఫోన్ నంబరు వాడుకలో ఉన్నదై ఉండాలి. అర్ధరాత్రి క్యాజువాల్టీ కౌంటరు ముందు ఓటీపీ పాత నంబరుకు పోతుంటే చూడలేని బాధ అండీ.

నాన్నకు 70 నిండితే ఇంకో తలుపు ఉంది. కేంద్రం 2024 అక్టోబరులో ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వయ వందన కార్డు ప్రకటించింది. రైస్ కార్డు లేని ఇళ్లలో పెద్దవాళ్ల కోసం ఇది చదివేవారికి పనికొస్తుంది. వివరాలకు 14555.

పథకం జాబితాలో లేని చికిత్స అవసరమైతే ముఖ్యమంత్రి సహాయ నిధి. చేరకముందు అయితే ఆసుపత్రి అంచనా పత్రంతో ఎల్‌ఓసీ (ఖర్చుకు ముందస్తు హామీ పత్రం), తర్వాత అయితే ఒరిజినల్ బిల్లులతో దరఖాస్తు. ఎక్కువగా ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా వెళ్తుంది.

108_బండి

సిలిండర్ లెక్క. అంబులెన్సుల్లో, ఇళ్లలో కనపడే చిన్నది బీ టైపు, నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. గంటలు కావాలంటే లీటర్లను నిమిషానికి వాడే లీటర్లతో భాగించి, వచ్చినదాన్ని 60తో భాగించండి. 2 లీటర్ల మీద 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. 10 లీటర్ల మీద 150 నిమిషాలే. మీటరు ముల్లు సగంలో ఉంటే ఈ లెక్కలో సగం. గుంటూరు నుంచి విజయవాడ దాదాపు 35 కిలోమీటర్లు. మామూలుగా గంట, వారధి దగ్గర ఆగితే ఇంకా ఎక్కువ. ఎప్పుడూ ప్రయాణానికి రెట్టింపు ఆక్సిజన్ ఉందో లేదో చూసుకుని కదలాలి.

బైపాప్ మీద ఉన్న మనిషిని తరలించేటప్పుడు లెక్క వేరు. పోర్టబుల్ బైపాప్‌కు బ్యాటరీ ఉందా, ఎంతసేపు వస్తుంది, ఆక్సిజన్ దానికి కలిపే కనెక్టర్ బండిలో ఉందా, ఈ మూడూ బండి ఎక్కించకముందే అడగండి. కనెక్టర్ లేక మామూలు మాస్కు పెట్టి తీసుకెళ్తే దారిలో మత్తు పెరుగుతుంది. శాచురేషన్ మాత్రం బాగానే చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వేలికి పెట్టే మీటరు కార్బన్ డయాక్సైడ్‌ను చూపదు. పొద్దున లేవగానే తలనొప్పి, పగలు కునుకుపాటు, అడిగినదానికి పొంతన లేని జవాబు, చేతులు చాపితే వణుకు: వీటిలో ఏది కొత్తగా వచ్చినా, మీటరు 91 చూపుతున్నా, ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చేటప్పుడు, అక్కడ పడక ఉందని డాక్టరు డాక్టరుతో మాట్లాడి, వాళ్ల పేరు, సమయం కాగితం మీద రాసేదాకా బండి కదలనివ్వకండి. "వెళ్లండి, చేర్చుకుంటారు" అనే నోటి మాట మీద పోయి మూడు గేట్ల ముందు తిరిగితే ఏ సిలిండర్ లెక్కా సరిపోదు.

పటమట_రాణి

ఇంట్లో మిషన్లు కొనే ముందు కొంచెం. పథకం ఇవ్వదు కాబట్టి చేతి డబ్బే, అందుకే జాగ్రత్త. ఇంట్లో ఆక్సిజన్ అందరికీ అక్కర్లేదు. నెమ్మదించి ఉన్నప్పుడు, కూర్చుని ఉన్నప్పుడు శాచురేషన్ 88 లేదా ఇంకా తక్కువ ఉంటే, లేక ఏబీజీలో ఆక్సిజన్ 55 లేదా ఇంకా తక్కువ ఉంటే డాక్టరు రాస్తారు. రాస్తే రోజుకు 15 గంటలైనా పెట్టుకోవాలి, ఆయాసం వచ్చినప్పుడు కాసేపు పెట్టుకుంటే ఫలితం ఉండదు.

కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్) 5 లీటర్లది చాలు. కొనేటప్పుడు షాపు వాణ్ణి అనలైజర్ పెట్టి, మీకు రాసిన ఫ్లో మీద 90 శాతం పైన చూపించమనండి. గాలి బాగానే వస్తుంది, అందులో ఆక్సిజన్ ఉండదు, అలాంటి పాత మిషన్లు చేతులు మారుతూనే ఉన్నాయి. వెనక ఉన్న స్పాంజి ఫిల్టరు వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. మిషన్ దాదాపు 350 వాట్లు తీసుకుంటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటున్న ఇన్వర్టరు మీద మూడు గంటల చిల్లర వస్తుంది, అదీ ఫ్యాన్లు ఆపితే. ఎండాకాలం కరెంటు పోయే రోజుల కోసం ఒక బీ టైపు సిలిండర్ నిండుగా పక్కన ఉంచండి. ఆ గదిలో దీపం, అగరొత్తి, చుట్ట ఏవీ వద్దు.

బైపాప్ అయితే వెంటనే కొనకండి, ముందు నెల అద్దెకు తెచ్చుకోండి. డిశ్చార్జి కాగితం మీద మోడ్, ఐప్యాప్, ఈప్యాప్ (ఊపిరి తీసేటప్పుడు, వదిలేటప్పుడు మిషన్ ఇచ్చే ఒత్తిడి) అంకెలు రాయించుకోవాలి. అవి లేకుండా షాపు వాడు తనకు తోచింది పెట్టేస్తాడు. మాస్కు మనిషి ముఖానికి పెట్టి చూశాకే డబ్బివ్వండి. హ్యూమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, మున్సిపల్ నీళ్లు పోస్తే తెల్లటి గార కడుతుంది.

ఫ్లూ టీకా ఏడాదికోసారి, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పిన లెక్కన. ఈసారి ఓపీలో అడగండి.

కొరిటెపాడు_ఎస్

సచివాలయంలో చూపించాను. కార్డులో నాన్న పుట్టిన సంవత్సరం 1962 అని ఉంది, ఆధార్‌లో 1959. సరిచేయడానికి ఇచ్చాను, ఐరిస్‌తో ఈకేవైసీ అయింది. అట్ట రాసి జేబులో పెట్టాం. సోమవారం జీజీహెచ్ పల్మనాలజీ ఓపీకి తీసుకెళ్తున్నాం, ఏబీజీ మళ్లీ తీయమని అడుగుతాను.

మిత్ర_డెస్క్

సచివాలయం వాళ్లిచ్చిన రసీదు నంబరు జాగ్రత్త. సవరణ పూర్తయ్యేలోపు చేర్చాల్సి వస్తే ఆ రసీదు, ఆధార్ రెండూ కలిపి ఆరోగ్యమిత్రకు చూపించండి. సోమవారం ఓపీలో పాత డిశ్చార్జి కాగితాలకు జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి.